పూత కింద తీగ

ఫోను మూగబోయిన పదకొండో రోజు ఉదయం కూడా అలాగే మొదలైంది. వసారాలో టార్పాలిన్ కింద కిరసనాయిలు స్టవ్ వెలిగించి రత్నాలు టీ నీళ్ళు పెట్టింది. వంటిల్లు పగలగొట్టి నెల దాటింది. బియ్యం డబ్బా సోఫా వెనక ఉంది. పోపుల పెట్టె పుస్తకాల అరలోకి చేరింది. ఉప్పు కావాలంటే ఒక గదికి, గరిటె కావాలంటే ఇంకో గదికి నడవాలి. రాత్రి వాన నీళ్ళు టార్పాలిన్ మధ్యలో గుంట కట్టి నిలిచాయి. చీపురు కర్రతో కింది నుంచి పొడిచి ఒంపితే సగం ఆమె పాదాల మీదే పడ్డాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

హాల్లో అత్తగారు పైడితల్లి ఫోను పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. డెబ్భై రెండేళ్ళ మనిషి, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. రిసీవరు ఎత్తి చెవికి ఆనించి, కాసేపు విని, పగిలే వస్తువులా నెమ్మదిగా పెట్టేసింది.

"ఏటే రత్నాలూ, ఈ రోజూ దీనికి ఊపిరి నేదు."

"లైన్‌మాన్ ఈ రోజు తప్పకుండా వస్తాడని మీ అబ్బాయి చెప్పారు కదత్తయ్యా. టీ తాగండి."

"ఆడొచ్చినపుడు కదా! సిట్టికి నా మీద కోపమొచ్చీసినాది. నానే నోరు జారినాను."

చిట్టెమ్మ పైడితల్లికి చెల్లెలు. సీలేరు ప్రాజెక్టు కాలనీలో కొడుకు దగ్గర ఉంటుంది. ఈ ఇంట్లో ఫోను పెట్టిన మూడేళ్ళుగా రోజూ ఉదయం ఆరున్నరకి ఆమె దగ్గర నుంచి ఫోను వచ్చేది. పెద్ద సంగతులేమీ ఉండవు. అక్కడ వాన పడుతోందా, ఇక్కడా పడుతోంది. అక్కడ ఏం కూర, ఇక్కడ ఏం కూర. ఆ నాలుగు మాటలతో పైడితల్లికి రోజంతా గడిచిపోయేది. చివరిసారి మాత్రం మాటా మాటా పెరిగింది. పైడితల్లి "ఇంక సాల్లే" అని రిసీవరు ఠపీమని పెట్టేసింది. ఆ మధ్యాహ్నమే ఫోను మూగబోయింది. లైను పోయిందని ఎంతమంది చెప్పినా ఆమె నమ్మలేదు. పలకాలనుంటే సీలేరు నుంచి బస్సు లేదా, మనిషితో కబురు పంపదా అని పదకొండు రోజులుగా అదే మాట.

రత్నాలుకి మాత్రం ఫోను ఎందుకు పోయిందో తెలుసు. ఎక్కడ పోయిందో కూడా తెలుసు.

శృంగవరపుకోట నుంచి వచ్చిన వాస్తు సిద్ధాంతి ఇల్లంతా తిరిగి, వంటిల్లు ఆగ్నేయానికి మార్చాలనీ, నైరుతి గదిలో కిటికీ మూసెయ్యాలనీ చెప్పాడు. వీధి స్తంభం మీంచి వచ్చే ఫోను తీగ ఆ కిటికీ చట్రం సందులోంచే ఇంట్లోకి దిగుతుంది. తాపీమేస్త్రి స్వామి ఆ చట్రం ఊడదీస్తుంటే తీగ పుటుక్కున తెగింది.

"అమ్మా, టెలిఫోను తీగ తెగిపోనాది. బాబుగారికి సెప్పీమంటారా?"

రత్నాలు అప్పుడే బయటినుంచి వచ్చి నిలబడింది. రెండిళ్ళ అవతల ఉండే టీచరు బేబికి ఫోను వచ్చిందని చెప్పడానికి వెళ్ళింది. బేబి తల మీద నీళ్ళు పోసుకుంటోందంటే వానలో గుమ్మం ముందు ఎదురుచూసింది. ఇద్దరూ వచ్చేసరికి అవతలివాళ్ళు పెట్టేశారు. "అయ్యో, కొంచెం బేగి రాకపోయారా వదినా" అని బేబి వెళ్ళిపోయింది. రత్నాలు చీరకు మోకాళ్ళ దాకా బురద. తెగిన తీగ రెండు కొసల వైపూ చూసింది.

"తర్వాత చూద్దాంలే స్వామీ. నువ్వు పూత పూసెయ్."

స్వామి ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. ఇటుక పేర్చి, రెండు కొసలూ లోపలే వదిలి పూసేశాడు.

ఒక్క రోజు చాలనుకుంది రత్నాలు. రెండో రోజు చెప్పేద్దామనుకుంది. మూడో రోజు భర్త ఎక్స్ఛేంజికి వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చి వచ్చాక నోరు పెగల్లేదు. ఐదో రోజు అత్తగారు "బస్టాండు కాడ ఎస్టీడీ బూతు దాకా తీసుకెల్తావేటే?" అని అడిగింది. "పనివాళ్ళున్నారత్తయ్యా, రేపు వెళ్దాం" అంది. ఆ రేపు ఇంకా రాలేదు. రోజూ ఉదయం ఆ కుర్చీలో అత్తగారిని చూస్తూ టీ గ్లాసు అందించడమే పెద్ద పనిగా ఉంది. అలసట తీరుతుందని చేసిన పని ఇంకో అలసటను తెచ్చిపెట్టింది.

వరహాలరావు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. బజారులో అతనికి బట్టల కొట్టు ఉంది.

"రత్నం, నా చొక్కా ఏదీ?"

"మీ మంచం కింద, పెట్టెలో."

"చొక్కాలు మంచం కిందా? బాగుంది. రేపు సంత. విశాఖపట్నం నుంచి సరుకు బయల్దేరిందో లేదో తెలీదు. నేను బూతుకెళ్ళి నిలబడితే నా ముందు పదిమంది. వాస్తు మార్చితే కలిసొస్తాదన్నాడు సిద్ధాంతి. ముందు ఫోను పోయింది."

"ఆ కిటికీ మూయించొద్దని నాను సెప్పనేదా?" అంది పైడితల్లి. "గాలి పోనాది, ఎలుతురు పోనాది, నా సెల్లి గొంతు పోనాది."

"అమ్మా, కిటికీకీ ఫోనుకీ సంబంధమేటే?"

రత్నాలు టీ గ్లాసులు తీసుకుని వసారాలోకి వెళ్ళిపోయింది.

పది గంటలకి లైన్‌మాన్ సుక్రు వచ్చాడు. పెదబయలు వైపు మనిషి, ఏభై దాటి ఉంటాయి. భుజాన ఖాకీ సంచి, నడుముకి తోలు బెల్టు, చేతిలో తీగలు వేలాడే టెస్టు ఫోను.

"పదకొండు రోజులయ్యా!" అన్నాడు వరహాలరావు. "మేం మనుషులం కామా?"

"పదకొండేనా బాబూ? మా ఊరి కాడ నెల్లాళ్ళయింది. ఆలు అడగడం కూడా మానీసినారు. ఈ వానలకి సెట్లు తీగల మీదే పడతాయి. లోయంతటికీ నానొక్కడినే."

అతను స్తంభం ఎక్కి టెస్టు ఫోను తగిలించి విన్నాడు. "ఇక్కడ బాగుంది బాబూ. టోను వస్తోంది." దిగి, ఇంటి చూరు కింద తీగ గోడను తాకే చోట నిచ్చెన వేసి మళ్ళీ విన్నాడు. "ఇక్కడా వస్తోంది." లోపలికి వచ్చి హాల్లో ఫోను పక్కనున్న చిన్న పెట్టె మూత విప్పి తగిలించాడు. తల అడ్డంగా ఊపాడు. "ఇక్కడ నేదు."

"అంటే ఫోను చెడిపోలేదా?" అన్నాడు వరహాలరావు.

"ఫోనుకేటీ కానేదు. స్తంభం నుంచి గోడ దాకా బాగుంది. గోడ నుంచి ఈ పెట్టె లోపే ఎక్కడో పోయింది. అంటే, మీ ఇంట్లోనే."

మీ ఇంట్లోనే అన్న మాటకి రత్నాలు చేతిలోని చేట ఆగింది. సుక్రు పెట్టె దగ్గర్నుంచి తీగను వేలితో తడుముతూ వెనక్కి నడిచాడు. అతని వెనక వరహాలరావు, ఆ వెనక కర్ర పట్టుకుని పైడితల్లి. హాలు గోడ, గుమ్మం పైన, నడవ. రత్నాలు చేట పక్కన పెట్టి వాళ్ళ వెనకే నడిచింది. నైరుతి గదిలోకి వెళ్ళి అతను ఆగిపోయాడు. తీగ నేరుగా కొత్త పూతలోకి వెళ్ళి మాయమైంది. వానలకి ఇంకా తడి ఆరని సిమెంటు మీద అరచేయి పెట్టి చూశాడు.

"ఇక్కడ కిటికీ ఉండేదా?"

"ఉండేది," అన్నాడు వరహాలరావు.

"ఇందులో తెగిపోనాది బాబూ. రెండు కొసలూ పూతలోనే ఉన్నాయి. గోడ తవ్వొద్దు. పైనుంచి కొత్త తీగ లాగితే అరగంటలో అయిపోతాది."

"మరి నా సెల్లి ఫోను సెయ్యనేదా, ఇన్ని రోజులూ?" అంది పైడితల్లి. "తీగ తెగితే అవతలోళ్ళకి తెలిసిపోదా?"

"తెలీదమ్మా. తీగ తెగినా ఎక్స్ఛేంజిలోంచి ఆలకి రింగు ఇనబడతానే ఉంటాది. మోగుతోంది, ఇంట్లో ఉండి కూడా ఎత్తట్లేదు అనుకుంటారు."

పైడితల్లి గోడ పట్టుకుని నిలబడింది. "అయితే అది సేసినాదేమో," అంది. "రోజూ సేసినాదేమో. అక్క కావాలనే ఎత్తట్లేదనుకున్నాదేమో."

వరహాలరావు అప్పటికే గుమ్మంలోకి వెళ్ళి అరిచాడు. "స్వామీ! ఇటు రా!"

స్వామి తాపీ చేతిలోనే పట్టుకుని వచ్చాడు. మోచేతుల దాకా సిమెంటు.

"ఈ గోడ నువ్వే కదా పూసింది? తీగ తెగడం కనబడలేదా నీకు? గుడ్డివాడివా?"

స్వామి సుక్రు వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. రత్నాలు వైపు మాత్రం చూడలేదు. "సూసుకోనేదు బాబూ."

"సూసుకోనేదా! పదకొండు రోజులు నేను బూతుల చుట్టూ తిరిగాను. మా అమ్మ అన్నం సరిగా తినట్లేదు. సామాను సర్దుకో. రేపట్నుంచి పనిలోకి రావద్దు. ఇంకో మేస్త్రి దొరక్కపోడు."

"అలాగే బాబూ," అన్నాడు స్వామి. తాపీని కాలి దగ్గరున్న బకెట్లో ముంచి కడగడం మొదలుపెట్టాడు. అంత నెమ్మదిగా కడుగుతుంటే రత్నాలు చూడలేకపోయింది.

"అతను చూశాడండీ," అంది. "నాకు చెప్పాడు. నేనే పూసెయ్యమన్నాను."

వరహాలరావు గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు.

"ఏటీ?" అన్నాడు వరహాలరావు.

"తీగ తెగిందని ఆరోజే చెప్పాడు. మీకు చెప్పమంటారా అని కూడా అడిగాడు. నేనే వద్దన్నాను."

పైడితల్లి కోడలి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "నీకు తెల్సా? తెలిసే రోజూ నన్నా కుర్చీలో కూకోబెట్టి, టీ ఇచ్చి ఎల్లిపోయేదానివా?"

"తప్పే అత్తయ్యా," అంది రత్నాలు.

"డిగ్రీ చదివిన మనిషివి. బుర్రుందా నీకు?" వరహాలరావు చేతులు తిప్పాడు. "అసలెందుకు? నీకొచ్చిన కష్టమేటి? ఫోను మోగితే ఎత్తడం కూడా కష్టమేనా?"

రత్నాలు తల ఎత్తింది. అంతవరకూ తప్పు ఒప్పుకున్న గొంతే, కానీ అందులో ఇంకేదో వచ్చి చేరింది.

"ఎత్తడం కష్టం కాదండీ. ఎత్తాక మొదలవుతుంది. పొద్దున్న మీ అమ్మగారికి. ఏడింటికి బేబి టీచరుకి, వాళ్ళాయన దగ్గర్నుంచి. ఆ తర్వాత మీ కొట్టుకి సరుకు వాళ్ళు, రాసుకోమంటారు, రాసి మీకు బజారుకి కబురు పంపాలి. వెనకవీధి మంగ్లు కొడుకు పోలీసు ట్రైనింగు నుంచి చేస్తాడు, వాళ్ళ నాన్నని పిలవమంటాడు. గట్టు ఎక్కి పిలిచి వస్తే ఆయన నిదానంగా వస్తాడు, వచ్చాక టీ ఇవ్వాలి. మన నంబరు ఎంతమంది తమని పిలిపించడానికి పి.పి. నంబరుగా ఇచ్చుకున్నారో మీకు తెలుసా? పెళ్ళి శుభలేఖల మీద కూడా అచ్చేయించారు. స్టవ్ ఆపి పరిగెత్తాలి, స్నానం మధ్యలో పరిగెత్తాలి. మన ప్రశాంత్ హాస్టలు నుంచి చేస్తాడు. వాడు మొదట అడిగేది ఏంటో తెలుసా? 'అమ్మా, నాన్నున్నారా?' అని." ఆగింది. "తీగ తెగిందని విన్నప్పుడు నాకు సంతోషం వేసిందండీ. అది చెప్పుకోవడానికే సిగ్గేసింది. అందుకే ఏమీ చెప్పలేదు."

సుక్రు సంచి భుజాన వేసుకున్నాడు. "నాను బయట కూకుంటాను బాబూ," అని వెళ్ళిపోయాడు. అతని వెనకే స్వామి కూడా.

వరహాలరావు ఏదో అనబోయాడు. పైడితల్లి కర్ర నేల మీద ఒక్కసారి కొట్టింది.

"నువ్వాగరా. రత్నాలూ, సెప్పులేసుకో. బూతుకెల్దాం. ముందది."

వాన వెలిసింది గాని మంచు ఇంకా సిల్వర్ ఓక్ చెట్ల మొదళ్ళ దాకా దిగి ఉంది. రత్నాలు అత్తగారి చేయి పట్టుకుంది. పైడితల్లి విడిపించుకోలేదు గాని, ఆమె చేయి తిరిగి పట్టుకోనూ లేదు, ఊరికే ఉంది. బస్టాండు దాకా అలాగే నడిచారు. బూతు కుర్రాడు లేచి స్టూలు ఇచ్చాడు. రత్నాలు నంబరు తిప్పి, మోగుతున్నప్పుడు రిసీవరు అత్తగారికి అందించింది.

"సిట్టీ... నానే, అక్కని... ఎవలేటి, నీ అక్కనే!... ఏటే ఆ గొంతు? జొరమా? ఎన్నాళ్ళు?... ఆసుపత్రిలోనా? ఐదు రోజులా?" పైడితల్లి స్టూలు అంచుకి జరిగింది. "సేసినావా? ఎన్నిసార్లు?... అయ్యో సిట్టీ. నాను ఎత్తకపోవడమేటే. నీ మీద నాకేటి కోపమే? లైను పోనాది. గోడలో తీగ తెగిపోనాదే. మాకూ తెలీనేదు."

రత్నాలు అద్దం తలుపు ఆనుకుని నిలబడింది. అవతలి గొంతు సన్నగా, తెగి తెగి వినబడుతోంది. ఏదో అడిగింది. పైడితల్లి కోడలి వైపు ఒకసారి చూసి, ముఖం అటు తిప్పుకుంది.

"ఎవలు కొయ్యడమేటి? వానకి తెగినాది. ఈ కొండల మీద తెగనిదేటుంది?... మళ్ళీ మొదలెట్టినావా? సిట్టీ, ఇనుకో. ఆ రోజు సెప్పినాను, ఈ రోజూ సెప్తన్నాను. ఇల్లు పడగొట్టించినాది నా కొడుకు, నా కోడలు కాదు. అది సోకులకి పోయే మనిసి కాదు. దాని ఊసెత్తినావంటే ఈసారి నిజంగానే ఫోనెట్టేస్తాను. సర్లే. మందులేసుకో. జావ తాగు. రేపొద్దున్న ఇక్కడికే వొచ్చి సేత్తాను."

రిసీవరు ఇచ్చేసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ రోజు చెల్లెలితో పోట్లాట ఎవరి గురించో రత్నాలుకి అప్పుడు తెలిసింది.

తిరుగుదారిలో మోకాళ్ళు సహకరించక పైడితల్లి కల్వర్టు గోడ మీద కూర్చుంది. రత్నాలు ఎదురుగా నిలబడింది.

"అత్తయ్యా..."

"కోపం తగ్గిపోనాదనుకోకు. తగ్గనేదు."

"తగ్గక్కర్లేదు."

"అది పోనుంటే? ఆ జొరంలో అది పోనుంటే, నాను ఏటి సేసీదాన్ని?"

రత్నాలు కళ్ళు దించుకుంది. కింద నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి.

"ఒకటడుగుతాను," అంది పైడితల్లి. "ఫోనొచ్చిన కొత్తలో నానే లేసేదాన్ని, గుర్తుందా? నాను లేసేలోపు నువ్వు పరిగెట్టుకొచ్చీసేదానివి. ఎత్తి, నవ్వుతా మాటాడేదానివి. ఓహో, దీనికిదో సరదా కాబోలు, మధ్యలో నానెందుకని లేవడం మానీసినాను. సరదా కాదని నాకు ఒక్కనాడు సెప్పకూడదేటే? గోడకి సెప్పుకుంటారా ఎవలైనా?"

"మీకు మోకాళ్ళు నొప్పని పరిగెత్తేదాన్ని అత్తయ్యా. నవ్వేది అవతలివాళ్ళు బాధపడతారని."

"అదే రోగం నీకు," అంది పైడితల్లి. లేవడానికి చేయి చాపింది. ఈసారి ఆ చేయి గట్టిగానే పట్టుకుంది.

ఇంటి ముందు అరుగు మీద ముగ్గురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. మధ్యలో టీ గిన్నె. వరహాలరావే పెట్టినట్టున్నాడు, సగం స్టవ్ మీదకి పొంగి ఉంది. స్వామి గ్లాసు పట్టుకుని ఇబ్బందిగా కదిలాడు. "రేపు రమ్మన్నారమ్మా బాబుగారు," అన్నాడు. వరహాలరావు గొంతు సవరించుకుని వేరే వైపు చూశాడు.

"స్వామీ, నా వల్ల నువ్వు మాట పడ్డావు," అంది రత్నాలు. అతను "అదేటమ్మా" అని మాత్రం అన్నాడు.

సుక్రు లేచి తీగచుట్ట విప్పాడు. "కొత్తది లాగీమంటారా అమ్మా? అరగంట."

"ఈ రోజొద్దు," అంది పైడితల్లి. "సోమారం రా."

"అమ్మా!" అన్నాడు వరహాలరావు. "రేపు సంత! సరుకు సంగతి..."

"నీ సరుక్కి బూతుంది. నా సెల్లికీ బూతే. రోజూ పొద్దున్న మేమిద్దరం నడిసెల్తాం, నా కాళ్ళకీ మంచిదే. బేబి టీచరుకి నాను సెప్తాను. మంగ్లుకీ నానే సెప్తాను. సోమారం నుంచి ఎవలికి ఫోనొచ్చేదుంటే ఆలే వచ్చి కూకోవాల. కొట్టు ఫోను కొట్లో ఎట్టించుకో. దీన్ని పరిగెట్టించొద్దు."

"కొట్లోకి ఇంకో లైనంటే ఎన్నాళ్ళు పడుతుందో తెలుసా?"

"పట్టనీ. దరఖాస్తు ఈ రోజే రాయి."

వరహాలరావు తల్లి వైపు, ఆ తర్వాత చాలాసేపు భార్య వైపు చూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు. "దరఖాస్తు కాయితం మీ దగ్గరుందేటి సుక్రూ?" అన్నాడు. గొంతులో ఇంకా విసుగు ఉంది. కానీ అడిగాడు.

రత్నాలు లోపలికి వెళ్ళబోయింది. మధ్యాహ్నం వంట ఇంకా మొదలే కాలేదు. గుమ్మం పక్కన సిమెంటు బస్తాల దొంతర దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. వాటి మీద కూర్చుంది. కన్నీళ్ళు వచ్చాయి. ఆపుకుందామనుకుంది గాని, ఎందుకు ఆపాలో తోచలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా ఏడ్చింది.

పైడితల్లి ఓదార్చలేదు. కర్ర ఆనించుకుని పక్కనే నిలబడి వీధి వైపు చూస్తూ ఉండిపోయింది. అటునుంచి బేబి "వదినా, ఫోను బాగయ్యిందా?" అంటూ రావడం కనబడింది. పైడితల్లి కర్ర ఎత్తి దూరం నుంచే ఆపింది.

"నేదమ్మా. సోమారం. ఇప్పుడెల్లిపో."